ఉమ్మడి ఆవర్జా – ఒక ధర్మసందేహము

పండ్ల మండీలో మిగుల ముగ్గిన అరటిగెలను కదిపినచో నువ్వుగింజంత ఈగలు గుంపుగా లేచి, క్షణములో మరల దానిమీదనే వాలును. అంగడివాడు వానిని లెక్కపెట్టడు. మామిడికాయలో గ్రుడ్లు పెట్టి సరుకును చెఱచు పండు ఈగ వేరు. దానిని గూర్చి వర్తకునికి తెలియనిది లేదు. ఈ చిన్నది అట్టి నష్టము చేయదు. పులిసిన పండుమీద పెరుగు ఈస్టును తిని బ్రతుకును. శాస్త్రజ్ఞులు దీనికి డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అని పేరు పెట్టిరి. ఇంత అల్పజీవికి నూరేండ్లకు పైబడి వ్రాయబడుచున్న ఆవర్జా యొకటి కలదు. ఏ ఈగకు కన్ను తెల్లబడెనో, ఏ ఈగకు రెక్క ముడుచుకొనెనో, ఎవరు చూచిరో, ఏ సంవత్సరమున చూచిరో అందులో పద్దు పడియున్నది. నేడు ఆ ఆవర్జాకు ఫ్లైబేస్ అని పేరు. కంప్యూటరులో నుండు ఆ పుస్తకమును ఏ దేశమువారైనను తెరచి చూచుకొనవచ్చును.

వర్తక కుటుంబములవారికి దీనితో ఏమి పని యని అడుగవచ్చును. పని రెండు విధములుగా నున్నది. లెక్క వ్రాయుట వారికి తాతలనాటి విద్య. పదిమందికి చెందిన లెక్కను ఎవరు వ్రాయవలెను, ఎవరి ఖర్చుతో వ్రాయవలెను అను ప్రశ్న ప్రతి సత్రమునకును, ప్రతి పాఠశాలకును వచ్చినదే. రెండవది అంతకంటె కష్టమైనది. ఆ ఆవర్జాలోని పద్దుల వెనుక ప్రాణములు పోయియున్నవి. ఈగ నాలుగు ఇంద్రియములు గల జీవమని జైనులు చిన్ననాడే నేర్చుకొందురు. అట్టి జీవుల చావుతో నిండిన పుస్తకమును కాపాడుట పుణ్యమా, పాపమా, లేక రెండును కానిదా?

మొదట ఆ పుస్తకము పుట్టిన విధము చూడవలెను. న్యూయార్కు నగరములోని కొలంబియా విశ్వవిద్యాలయములో థామస్ హంట్ మోర్గన్ అను ఆచార్యుడు ఒక చిన్న గదిలో పాలసీసాలలో ఈ ఈగలను పెంచుచుండెను. మేత అరటిపండు. 1910లో ఎఱ్ఱకన్నుల ఈగల నడుమ తెల్లకన్నుల మగ ఈగ యొకటి కనబడెను. దాని సంతతిని తరతరముగా లెక్కించి చూడగా, ఆ తెల్లదనము ఆడమగ భేదమును నిర్ణయించు క్రోమోసోముతో కలిసి నడచుచున్నదని తేలెను. 1913లో ఆయన శిష్యుడు ఆల్‌ఫ్రెడ్ స్టర్టివెంట్ ఆ క్రోమోసోముమీద జన్యువులు ఏ వరుసలో, ఎంతెంత ఎడముగా నున్నవో చూపు మొదటి పటమును గీచెను. 1933లో మోర్గన్‌కు నోబెల్ బహుమానము వచ్చెను.

బహుమానము సంగతి అట్లుండగా, ఆ గదిలో నడచిన మర్యాద విశేషమైనది. అడిగినవారికెల్ల ఈగలను పంపెడివారు. వెల లేదు. అడిగినవాడు పోటీదారైనను పంపెడివారు. పుచ్చుకొన్నవాడు తనవద్ద క్రొత్తరకము పుట్టినపుడు దానిని అదేవిధముగా ఇతరులకు ఇయ్యవలెను. ఇంతే ఒడంబడిక, అదియు స్టాంపు కాగితముమీద వ్రాసినది కాదు. సరుకు అప్పిచ్చు వర్తకులు బళ్ళారిలో నున్నారు, బరంపురములో నున్నారు. కాని ఆ సరుకు ఏ ఊరిలో, ఎవరివద్ద, ఎట్లు దొరకునో ఎదుటి అంగడివానికి చెప్పువారు అరుదు. ఈ ఈగలవారు అదియును చేసిరి. 1934లో కాల్విన్ బ్రిడ్జెస్, మిలిస్లావ్ డెమెరెక్ అను ఇద్దరు ‘డ్రోసోఫిలా ఇన్ఫర్మేషన్ సర్వీస్’ అను సమాచార పత్రమును ప్రారంభించిరి. ఏ ప్రయోగశాలలో ఏయే ఈగరకములున్నవి, క్రొత్తగా కనబడిన మార్పులేవి, ఏ పద్ధతి పనికివచ్చినది అని అందులో వ్రాసి అందరికిని పంచిరి. ఎవనికి వాడు దాచుకొన్నచో ముందు పేరు తెచ్చుకొనదగిన సంగతులు అందులో ఎన్నియో ఉండెను.

బ్రిడ్జెస్ అప్పటివరకు తెలిసిన మార్పులన్నింటికిని ఒక పట్టిక కూర్చుచుండి, 1938లో మరణించెను. పని సగములో నిలిచెను. క్యాథరిన్ బ్రెమీ అను విదుషి ఆ కాగితములను చేతబట్టి పూర్తిచేయగా 1944లో ఆ గ్రంథము అచ్చయ్యెను. తరువాత లిండ్స్‌లీ, గ్రెల్ అనువారు 1968లో దానిని పెంచి వ్రాసిరి; 1992లో లిండ్స్‌లీ, జిమ్ అనువారు మరల పెంచిరి. ఈ చివరిదానిని ఈగలవారు ‘ఎఱ్ఱ పుస్తకము’ అందురు. అచ్చు పుస్తకము అచ్చయిన మరునాడే పాతబడును. కనుక అదే 1992లో హార్వర్డులో విలియం గెల్బార్టు, కేంబ్రిడ్జిలో మైఖేల్ ఆష్‌బర్నర్, ఇండియానాలో థామస్ కాఫ్‌మన్ మొదలైనవారు కలిసి అమెరికా ప్రభుత్వపు ఆరోగ్య పరిశోధన సంస్థ ఇచ్చిన ధనముతో ఫ్లైబేసును నెలకొల్పిరి. 2000లో ఈ ఈగ జన్యుసంచయమంతయు చదివి ప్రకటించిరి. అందులో దాదాపు 13,600 జన్యువులున్నట్లు అప్పటికి లెక్క తేలెను. పుస్తకమునకు ఒక్కసారిగా పని పెరిగెను.

ఆ పని ఎట్టిదో తెలియనివారు, యంత్రము తానే వ్రాసికొనునని భావింతురు. యంత్రము నిలువ చేయును. వ్రాయుటకు మనుష్యుడు కావలెను. అచ్చయిన పరిశోధన వ్యాసములను ఒక గుమాస్తా కూర్చుండి చదువవలెను. అందులో ఏ జన్యువు, ఏ రకపు మార్పు, దానివలన ఈగకు ఏమి కలిగెను అని విడదీసి, ఏ పద్దులో వ్రాయవలెనో నిర్ణయించి, ప్రక్కన ఆ వ్యాసము పేరు వ్రాయవలెను. వ్యాసకర్త ఏ రకపు ఈగను వాడెనో స్పష్టముగా చెప్పనియెడల జాబు వ్రాసి కనుగొనవలెను.

పేర్ల చిక్కు వేరుగా నున్నది. నాలుగు ఊళ్ళలో నాలుగు కొట్లున్న వ్యాపారములో ఒకే ఖాతాదారుడు ఒకచోట ఇంటిపేరుతోను, ఒకచోట తండ్రిపేరుతోను, ఒకచోట ముద్దుపేరుతోను బాకీ పడియుండుట కద్దు. వానిని ఒకనిగా గుర్తించువరకు ఏ కొట్టులోని లెక్కయు తేలదు. ఈగలలో నిట్లే జరిగెను. ఒకరు చెడిన గ్రుడ్లు పెట్టు ఆడఈగలను చూచి ఒక జన్యువునకు ‘టార్పీడో’ అని పేరు పెట్టిరి. వేరొకరు గ్రుడ్డులోనే చచ్చి చిన్న ఉండవలె ముడుచుకొన్న పిండమును చూచి ‘ఫెయింట్ లిటిల్ బాల్’ అనిరి. ఇంకొకరు కన్ను కోలగా మారుట చూచి ‘ఎలిప్స్’ అనిరి. ముగ్గురును చూచినది ఒక్క జన్యువునే. అంతేకాదు, మనుష్యులలో దానికి సరియైన జన్యువు చెడినపుడు కొన్ని విధముల క్యాన్సరు కలుగుచున్నది. ముగ్గురి లెక్కలును ఒక ఖాతాలోనికి రాకున్నచో ఈ సంబంధము కనబడుటకు మరెంత కాలము పట్టెడిదో! అందుచేత ఆ ఆవర్జాలో ప్రతి జన్యువునకును ఒక సంఖ్య నిచ్చిరి. మోర్గన్ తెల్లకన్ను జన్యువు సంఖ్య ఎఫ్‌బీజీఎన్ 0003996. రెండు ఖాతాలు ఒకటే యని తేలినపుడు పాతసంఖ్యను కొట్టివేయరు, మరియొకదానికి ఇయ్యరు. అది క్రొత్త ఖాతాకు దారి చూపుచు అట్లే నిలిచియుండును. పాత జాబులలో ఆ సంఖ్యను చూచినవాడు దారి తప్పడు.

ఇద్దరు పరిశోధకులు ఒకే విషయమును విరుద్ధముగా చెప్పినయెడల ఇద్దరి మాటయు, ఎవరిది వారి పేరుతో, అందులో నుండును. దీనిని చూచి అనేకాంతమని మురిసిపోవు ఉత్సాహవంతులుందురు. అది అంత పెద్ద మాట కాదు. తీర్పు చెప్పుటకు అధికారము లేని గుమాస్తా, వచ్చిన రెండు చీటీలను దాచియుంచుట మాత్రమే. కాని ఈ చిన్న నిజాయితీ పోయిననాడు పుస్తకమంతయు పోవును. తత్త్వార్థసూత్రము సత్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో కూటలేఖక్రియ, అనగా దొంగవ్రాత, ఒకటి. దానిని అబద్ధమాడుటతో కలిపి ఊరకుండక, పేరుపెట్టి వేరుగా చెప్పుటనుబట్టి చూడగా, వ్రాతలోని అబద్ధము నోటి అబద్ధముకంటె ఎక్కువదూరము పోవునని పెద్దలు ఎఱిగియే యుండిరి.

ఈ పుస్తకమునకు తోడు ప్రాణమున్న ఆవర్జా యొకటి కలదు. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయమువారి బ్లూమింగ్టన్ కేంద్రములో 70,000కు పైగా ఈగరకములు గాజుగొట్టములలో పెంచబడుచున్నవి. విత్తనములవలె డబ్బాలో పోసి మూతపెట్టుటకు వీలులేదు. వెచ్చని గదిలో ఈగకు గ్రుడ్డునుండి రెక్కలు వచ్చుటకు పదిదినములు చాలును, మేత అయిపోవును, కొన్ని వారములకొకసారి ప్రతి గొట్టమునుండియు ఈగలను క్రొత్త గొట్టములోనికి దులుపవలెను. మన దేశములో మైసూరు విశ్వవిద్యాలయమున ఇట్టి నిలువకేంద్రము కలదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రములోను ఈగలమీద పరిశోధన జరిగినది. 1910నాటి తెల్లకన్ను ఈగ వంశము నేటికిని చేతినుండి చేతికి మారుచు బ్రతికియే యున్నది.

ఇక కష్టమైన ప్రశ్నకు రావలెను. ఈగలను లెక్కించుటకు ముందు వానికి పూర్వము ఈథరుతోను, ఇప్పుడు బొగ్గుపులుసు గాలితోను మత్తు కలిగింతురు. కుంచెతో అటునిటు జరిపి కంటిరంగు, రెక్కల తీరు చూతురు. కావలసినవి గొట్టములోనికి పోవును. అక్కరలేనివి నూనె గాని సారాయి గాని పోసిన సీసాలోనికి పోవును. ప్రయోగశాలలవారు ఆ సీసాను శవాలకొట్టు అను అర్థము వచ్చు మాటతో పిలుతురు. పేరు పెట్టుటలో వారు దాపరికము చేయలేదు.

గృహస్థునికి హింస నాలుగు తెఱగులని పెద్దలు విభజించిరి. వంటవార్పులలో తప్పనిది ఆరంభి. వృత్తిలో తప్పనిది ఉద్యోగి. తన్నును తనవారిని కాపాడుకొనుటలో జరుగునది విరోధి. తలచి చంపుట సంకల్పి. మొదటి మూడింటిలో గృహస్థునికి సడలింపు కలదు, కడపటిదానిలో లేదు. ప్రయోగశాలలోని చావు దేనిలో పడును? శాస్త్రజ్ఞుని వృత్తి అదియే కనుక ఉద్యోగిలో వేసి పుస్తకము మూయవచ్చునని తోచును. ఈ సమాధానము మరీ సులభముగా నున్నది. బండిచక్రము క్రింద చీమ పడుట వేరు, సీసాలోనికి చేతితో వంచుట వేరు. చేయునది తెలిసి, చేయదలచి చేయుచున్నారు. ద్వేషముతో కాదు, వినోదమునకు కాదు అని మాత్రము వారి పక్షమున చెప్పవచ్చును. ఎలుకలమీద చేయదగిన పనిని ఈగలమీద చేసినచో పంచేంద్రియముల జీవములు కొన్ని మిగులునని మరియొక వాదము కలదు. జైనుల లెక్కలో ఇంద్రియముల తారతమ్యమునకు విలువ కలదు కనుక ఈ వాదము తీసిపారవేయదగినది కాదు. ఐనను తక్కువ పాపము పాపము కాకపోదు.

విమర్శించువాడు తన ఇంటి అలమరను గూడ తెరచి చూచుకొనవలెను. మనుష్యుల రోగములకు కారణమని తెలిసిన జన్యువులలో దాదాపు ముప్పాతిక భాగమునకు ఈగలో సరిజోడు కలదు. రోగమునుగూర్చిన తెలివి అక్కడినుండి, మరియు ఇతర జంతువులనుండి వచ్చుచున్నది. మందు ఆ తెలివినుండి వచ్చుచున్నది. చేయుట, చేయించుట, ఒప్పుకొనుట అని కర్మకు మూడు ద్వారములు. మందు మ్రింగుచున్నవాడు మూడవ ద్వారము దగ్గర నిలిచియే సీసానుగూర్చి మాటలాడుచున్నాడు.

మరి పుస్తకము వ్రాయు గుమాస్తా సంగతి? అతడు ఈగను చంపడు. చచ్చినదాని లెక్క వ్రాయును. వేయి ఈగలతో ఒక ప్రయోగము తలపెట్టినవాడు ముందుగా పుస్తకము తెరచి, ఆ పని ముప్పదియేండ్ల క్రిందటనే జరిగినదని చూచి మానుకొన్నయెడల, ఆ వేయి ప్రాణములు గుమాస్తా కలము కాపాడినవే. ఇది ఒకవైపు. రెండవవైపు గూడ చెప్పవలెను: పుస్తకము ఉన్నందున పని సులభమై, క్రొత్త ప్రయోగములు పెరిగి, మరిన్ని సీసాలు నిండును. మొదటిది చూపి రెండవదానిని కప్పిపుచ్చుట జమ వ్రాసి ఖర్చు వ్రాయకుండుట వంటిది. పుస్తకము అహింసాసాధనమని కొనియాడువారు ఈ ఖర్చును మరువరాదు.

కాని పోయిన ప్రాణముల విషయములో సందేహమునకు చోటు తక్కువ. అవి తిరిగి రావు. వాని చావువలన తెలిసినది వ్రాసియున్న కాగితము పోయినచో, ఆ చావు వ్యర్థమగుటయే కాక, అదే సంగతి తెలిసికొనుటకు మరల అన్ని ఈగలను చంపవలసివచ్చును. హింసను నిర్వచించునపుడు తత్త్వార్థసూత్రము ప్రాణము తీయుటను మాత్రము చెప్పలేదు. ప్రమాదముతో, అనగా ఏమరుపాటుతో, తీయుటను చెప్పినది. ప్రయోగము చేయవచ్చునా కూడదా అనుదానిలో సత్పురుషులకు భేదాభిప్రాయము ఉండవచ్చును. చేసినదాని లెక్కను ఏమరుపాటున పోగొట్టుకొనవచ్చునా అనుదానిలో ఉండుట కష్టము. సీసాను అసహ్యించుకొనువాడు గూడ ఆ ఆవర్జా నిలువవలెననియే కోరవలసియుండును. ఒకవేళ వానికే ఎక్కువ కోరిక ఉండవలెనేమో.

అట్లయిన దాని ఖర్చు ఎవరిది? చిరకాలము ప్రధానముగా ఒక దేశపు ప్రభుత్వము భరించినది. లోకమంతయు వాడుకొనినది. 2016లో ఆ ప్రభుత్వ సంస్థయే ఇట్టి పుస్తకములన్నింటికిని విడివిడిగా ఇంత సొమ్ము ఇక ఇయ్యజాలమని సూచింపగా, ఈగ, ఎలుక, ఈస్టు మొదలగువాని ఆవర్జాలు ఖర్చు తగ్గించుకొనుటకై ఒక కూటమిగా చేరినవి. తరువాత వాడుకరులనుండి స్వచ్ఛందముగా సొమ్ము అడుగుట మొదలయ్యెను.

తలుపుకు తాళమువేసి రుసుము కట్టినవారినే లోనికి రానిచ్చినచో తీరిపోవునుగదా యని వర్తకుడు అడుగును. తీరదు. పదిమంది చూతురు కనుకనే పదిమంది తమ లెక్కలు తెచ్చి అందులో వేయుచున్నారు; చూచువారు తగ్గినచో తెచ్చువారును తగ్గుదురు. రుసుము కట్టలేని చిన్న కళాశాలలోని విద్యార్థి బయట నిలిచి, లోపల వ్రాసియున్నదానినే మరల కనుగొనుటకు ఈగలను చంపుచుండును. కనుక ఉచితముగా నుండుటయే దాని ప్రాణము.

ఉచితమైనదానికి అప్పు ఉండదా? సత్రములో ఒక రాత్రి పండుకొన్న బాటసారి ఏమియు బాకీపడడు. కట్టించినవాడు కోరినది అదియే. ముప్పదియేండ్లు అదే సత్రములో వ్యాపారము నడపుచున్నవానిని బాటసారి యనుట ఎట్లు? సత్యవ్రతపు అతిచారములలోనే న్యాసాపహారమని మరియొకటి కలదు. సొమ్ము దాచినవాడు ఎంత దాచెనో మరచి తక్కువ అడిగినపుడు, తెలిసియు ‘అంతే’ అని ఊరకుండుట దాని లక్షణముగా వ్యాఖ్యాతలు చెప్పిరి. దొంగిలించుట లేదు, అబద్ధమాడుట లేదు. ఎదుటివాని మరపును వాడుకొనుట మాత్రమే. ఆవర్జా వ్రాయువారు ఏమియు అడుగనన్నినాళ్ళు ఏమియు ఇయ్యని సంపన్న ప్రయోగశాలలకు ఈ మాట కొంత తగులును. బజారులో బస్తాకు ఇంత అని ధర్మము క్రింద ప్రక్కకు తీయు వర్తకులు దానిని దానమని వ్రాయరు, లాభమని వ్రాయరు. వేరు పద్దు పెట్టుదురు. అది తమది కాదని ముందే ఒప్పుకొనుట ఆ పద్దులోని విశేషము. ఫ్లైబేసునకు అట్టి పద్దు మొదటినుండి లేకపోయెను. అడిగినపుడు ఇచ్చువాడు ఇచ్చును, ఇయ్యనివాడును అదే పుస్తకము అదే విధముగా చదువుకొనును. మనస్సాక్షి గలవానిమీదనే భారము పడు ఏర్పాటు న్యాయమైనదని చెప్పుటకు వీలులేదు.

2025 మే నెలలో అమెరికా ప్రభుత్వము హార్వర్డు విశ్వవిద్యాలయమునకు ఇచ్చుచున్న పరిశోధన ధనములను రద్దుచేసెను. ఆ తగవు ఈగలను గూర్చినది కాదు. కాని ఫ్లైబేసు సొమ్ము హార్వర్డు ద్వారమున వచ్చుచున్నందున అదియు ఆగిపోయెను. ప్రపంచమందలి ఈగల ప్రయోగశాలలకు విజ్ఞప్తులు పోయెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ద్వారా చందాలు వసూలు చేసిరి. హార్వర్డులో ఆ పనిచేయుచున్నవారికి ఉద్యోగములు పోయెను. సెప్టెంబరులో న్యాయస్థానము ఆ రద్దు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. తీర్పువలన సొమ్ము తిరిగి రావచ్చును. కాని పాత వ్యాసములో ‘ఎలిప్స్’ అని కనబడగానే అది ఏ ఖాతాదో పుస్తకము చూడకయే చెప్పగల గుమాస్తా ఒకడు తయారగుటకు ఏండ్లు పట్టును. అతడు ఒకసారి వేరొక కొలువులో కుదురుకొన్న తరువాత, ఏ న్యాయస్థానము అతనిని ఆ బల్లదగ్గరకు మరల పిలువగలదు?